మా అమ్మాయికి బీఏఎస్ఎల్‌పీ సూచిస్తున్నారు: ఈ చదువు ఎలాంటిది, కళాశాలను ఎలా ఎంచుకోవాలి?

ఒంగోలు మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ సంవత్సరం ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో వచ్చిన ర్యాంకుకు ఎంబీబీఎస్ సీటు రాదని తేలిపోయింది. లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో మరో ఏడాది హాస్టల్ గదిలో గడపడానికి తాను సిద్ధంగా లేదు, పంపడానికి నాకూ మనసొప్పడం లేదు. మా బంధువుల్లో ఒక ఈఎన్‌టీ డాక్టరు గారు బీఏఎస్ఎల్‌పీ, అంటే ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలో డిగ్రీ చేయించమని సలహా ఇచ్చారు. వినికిడి పరీక్షలు చేయడం, మాట సరిగా రాని పిల్లలకు మాటలు నేర్పించడం ఈ చదువులో ఉంటాయని ఆయన చెప్పినంత మేరకు అర్థమైంది గానీ, నాలుగేళ్ళ పాటు నేర్చుకోవలసినంత విషయం అందులో ఏముంటుందో నాకు బోధపడలేదు. ఇంట్లో పెద్దవాళ్ళయితే చెవి మిషన్లు అమ్ముకోవడానికి ఇంత చదువెందుకని నేరుగానే అడుగుతున్నారు.

సికింద్రాబాదులోనూ మైసూరులోనూ ఈ కోర్సుకు కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయని విన్నాను. కన్నడం ఒక్క ముక్క రాని పిల్ల మైసూరులో రోగులతో ఎలా పని చేయగలదు? తనకు జీవశాస్త్రం ఇష్టమే గానీ భౌతికశాస్త్రం అంటే భయం, అది అడ్డమవుతుందా? ఇదే రంగంలో ఒక ఏడాది డిప్లొమా కూడా ఉందంటున్నారు, దానితో సరిపెట్టుకోవచ్చా? ఉద్యోగాల సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ రంగంలో ఉన్నవారు కాస్త వివరంగా రాస్తే రుణపడి ఉంటాను.

ఉత్తరాంధ్ర ఆడియాలజిస్ట్:

మాస్టారు గారూ, నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడియాలజిస్ట్‌గా, స్పీచ్ థెరపిస్ట్‌గా పని చేస్తున్నాను. మీ ఇంటి పెద్దల ప్రశ్న నాకు కొత్త కాదు కాబట్టి ముందు దానికే సమాధానం చెబుతాను.

ఇది నాలుగేళ్ళ కోర్సు. మొదటి మూడేళ్ళు తరగతులూ క్లినిక్కూ కలిసి నడుస్తాయి, నాలుగో ఏడాది పూర్తిగా ఇంటర్న్‌షిప్. చెవి, స్వరపేటిక, మెదడు నిర్మాణంతో చదువు మొదలవుతుంది; దానితో పాటే భాషాశాస్త్రం, ధ్వనిశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, జన్యుశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ కూడా వస్తాయి. వైద్యానికీ భాషకూ భౌతికశాస్త్రానికీ మధ్యలో నిలబడే చదువు ఇది. మీ అమ్మాయికి భౌతికశాస్త్రం అంటే భయమన్నారు. అందులో ఇక్కడ పనికివచ్చేది ప్రధానంగా ధ్వనికి సంబంధించిన భాగం. డెసిబెల్ అనేది లాగరిథమ్ కొలత అనీ, 20 డెసిబెళ్ళు పెరిగితే ధ్వని పీడనం 10 రెట్లు అవుతుందనీ ఒకసారి మనసుకు పట్టిందంటే మిగతాది అలవాటవుతుంది. ఐఐటీ పుస్తకాల స్థాయి లెక్కలు ఏమీ ఉండవు.

ఆడియాలజీ వైపు ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ మొదటి మెట్టు. 250 నుంచి 8000 హెర్ట్‌జ్‌ల వరకు ఒక్కొక్క పౌనఃపున్యం దగ్గర రోగి వినగలిగే అతి సన్నని శబ్దం ఏదో కనుక్కొని గ్రాఫు గీస్తాము. గ్రాఫు గీయడం నెలలో వస్తుంది; దాన్ని చదవడం రావడానికి ఏళ్ళు పడుతుంది. లోపం మధ్య చెవిలో ఉందా, లోపలి చెవిలో ఉందా, నరంలో ఉందా, లేక వైకల్య ధ్రువపత్రం కోసం వచ్చిన మనిషి వినబడినా వినబడనట్టు కూర్చున్నాడా అన్నది అక్కడే తేల్చాలి. ఈ చివరిది చిన్న విషయమేమీ కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో వినికిడి లోపమూ, వాక్కు, భాషలకు సంబంధించిన వైకల్యమూ ఉన్నాయి. 40 శాతం ఉందా లేదా అన్న దాని మీద ఒక కుటుంబానికి పింఛను, రిజర్వేషన్ ఆధారపడతాయి. ఆ శాతానికి ఆధారం మా పరీక్షే.

చేయెత్తి చెప్పలేని పసిపిల్లలకు ఓఏఈ (శబ్దానికి లోపలి చెవి స్పందనను కొలిచేది), బెరా (వినికిడి నరం, మెదడు కాండం స్పందనను కొలిచేది) పరీక్షలు చేస్తాము. పుట్టిన నెలలోపు వడపోత పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న క్రమం. మా దగ్గరికి మాత్రం మూడేళ్ళు నిండిన పిల్లలు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో పుట్టుచెవుడు ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఉండటం అరుదు కాదు. జన్యుశాస్త్రం పేపరు ఎందుకు పెట్టారో మీ అమ్మాయికి క్లినిక్‌లో కూర్చున్న మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

ఇక స్పీచ్ వైపు అంటే పిల్లలకు మాటలు నేర్పడం ఒక్కటే అనుకుంటారు. నత్తి, గ్రహణం మొర్రి శస్త్రచికిత్స తర్వాత ముక్కుతో వచ్చే మాట, పాఠాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయిన ఉపాధ్యాయులు (మీకు ఇది బాగా తెలిసే ఉంటుంది), పక్షవాతం వచ్చి మాట పోయినవారు, ఆటిజం ఉన్న పిల్లలు, అందరూ ఈ పరిధిలోకే వస్తారు. విద్యార్థులు ఊహించని విషయం ఏమిటంటే, మింగడంలో వచ్చే ఇబ్బందులు కూడా మా బాధ్యతే. పక్షవాతం తర్వాత నీళ్ళు శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టి, ఏ చిక్కదనం ఉన్న ఆహారం ఇవ్వాలో, తల ఏ కోణంలో పెట్టి మింగించాలో నిర్ణయించవలసింది మేమే. మా ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలి క్యాన్సర్ వచ్చిన ఆడవారిని చూస్తుంటాము. శస్త్రచికిత్సలో అంగిలి కొంత తీసేశాక, ఆ ఖాళీని మూసే కృత్రిమ పలకతో మళ్ళీ మాట్లాడటమూ మింగడమూ నేర్పించడానికి ఈ చదువు తప్ప వేరే దారి లేదు.

ఒక ఏడాది డిప్లొమా సంగతి: డీహెచ్ఎల్ఎస్ చేసినవారు మాకు సహాయకులుగా బాగా ఉపయోగపడతారు, కానీ సొంతంగా రోగ నిర్ధారణ చేయడానికి ఆ చదువు చాలదు. 1992 నాటి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చట్టం ప్రకారం, ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదైనవారే ఈ వృత్తి చేయాలి. నమోదు లేకుండా చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది. వెయ్యి రూపాయలు చూసి భయపడేవారు ఎవరూ లేరు కాబట్టే వీధికొక నకిలీ "స్పీచ్ సెంటర్" వెలుస్తోంది.

ఉద్యోగాల గురించి ఉన్నదే చెబుతాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే జాతీయ పథకం కింద జిల్లాల్లో డీఈఐసీ కేంద్రాలు (పిల్లల్లో లోపాలకు తొలిదశలోనే చికిత్స అందించేవి) ఏర్పడ్డాయి. వాటిలో మా పోస్టు ఉంటుంది. బధిరత్వ నివారణకు 2007లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద కూడా కొన్ని ఉన్నాయి. ఇవి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు, భద్రత తక్కువ. ఈఎన్‌టీ ఆసుపత్రులు, కాక్లియర్ ఇంప్లాంట్ (శస్త్రచికిత్స చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి సాధనం) కేంద్రాలు, ప్రత్యేక పాఠశాలలు, సొంత క్లినిక్కులు ఇంకో దారి. వినికిడి యంత్రాల కంపెనీలు చదువు పూర్తవగానే మంచి జీతంతో పిలుస్తాయి, కానీ అక్కడ నెలవారీ అమ్మకాల టార్గెట్ ఉంటుంది. కాబట్టి మీ పెద్దల మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఖరీదైన యంత్రం అవసరం లేని ముసలాయనకు అవసరం లేదని చెప్పగలిగే ధైర్యం వచ్చేది కూడా ఈ చదువు వల్లనే.

మానసగంగోత్రి పాత విద్యార్థిని:

మాస్టారు గారూ, మాది కర్నూలు. నేను మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో, అందరూ ఐష్ అని పిలిచే చోట చదివాను. 1965లో ప్రారంభమైన ఈ సంస్థ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కింద పని చేస్తుంది. డిగ్రీలు మైసూరు విశ్వవిద్యాలయానివి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్నది ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రం; అది సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కిందిది, డిగ్రీలు ఉస్మానియావి. అలీ యావర్ జంగ్ ఒకప్పుడు ఉస్మానియా ఉపకులపతిగా పని చేసిన హైదరాబాదీ అన్న సంగతి అక్కడ చదివే పిల్లల్లో కూడా చాలామందికి తెలియదు. సికింద్రాబాదులోనే స్వీకార్ అకాడమీ వంటి ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. కొంచెం దూరమైనా పరవాలేదనుకుంటే చెన్నైలో శ్రీరామచంద్ర, తిరువనంతపురంలో నిష్ కూడా మంచి పేరున్నవే.

కన్నడం గురించి మీరు అడిగినది అసలైన ప్రశ్న. ఐష్‌కు దేశం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు, క్లినిక్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది కన్నడిగులు. మొదటి సెమిస్టరులో సీనియర్ల వెనుక కూర్చొని చూస్తూ, "ఏను, ఎల్లి, యావాగ" (ఏమి, ఎక్కడ, ఎప్పుడు) దగ్గర మొదలుపెట్టి నేర్చుకుంటాము. తెలుగు పిల్లలకు లిపి దాదాపు తెలిసినట్టే ఉంటుంది, వాక్య నిర్మాణం కూడా మనదానికి దగ్గరే. ఉత్తరాది స్నేహితుల కంటే మేము త్వరగా నిలదొక్కుకున్నాము. రాని భాషలో ఒక తల్లి దగ్గర బిడ్డ చరిత్ర రాబట్టవలసి రావడం మంచి శిక్షణ అని నేను నమ్ముతాను, ఎందుకంటే అప్పుడు మన నోటి కంటే మన చెవి ఎక్కువగా పని చేస్తుంది.

అయితే దీనికి మరో వైపు ఉంది. మీ అమ్మాయి రేపు తెలుగునాట పని చేయాలనుకుంటే తెలుగు ధ్వనుల గురించి శాస్త్రీయంగా తెలిసి ఉండాలి, అది పుట్టుకతో వచ్చిన తెలుగుతో రాదు. ఉదాహరణకు "పాట", "పాత" అనే మాటల మధ్య తేడా నాలుక కొన ఎక్కడ తాకిందన్న దానిలోనే ఉంది. "కల", "కళ" కూడా అంతే. ఐదేళ్ళ పిల్ల "బడి"ని "బది" అంటే అది లోపమా, వయసుతో పోయేదా అని చెప్పడానికి, తెలుగు పిల్లలకు ఏ ధ్వని ఏ వయసులో స్థిరపడుతుందో తెలియాలి. ఇంగ్లీషు పిల్లల పట్టిక తెచ్చి ఇక్కడ పెడితే మూర్ధన్యాల (నాలుక కొన వెనక్కి మడిచి పలికే ట, డ, ళ వంటి ధ్వనుల) సంగతి అందులో ఉండదు. "స", "శ" ధ్వనుల శక్తి ఎక్కువగా హెచ్చు పౌనఃపున్యాల్లో ఉంటుంది కాబట్టి, అక్కడ వినికిడి తగ్గిన పిల్లవాడికి "సబ్బు" అంటే "అబ్బు" అని వినబడవచ్చు. అచ్చులు బాగానే వినబడతాయి గనుక పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడు, దాంతో ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. తెలుగులో మాటల జాబితాలు, ఉచ్చారణ పరీక్షలు తయారు చేసినవారు ఉన్నారు. విద్యార్థుల పరిశోధన పత్రాల్లో అలాంటివి చాలా ఉన్నాయి. కానీ గ్రంథాలయం అల్మారా దాటి జిల్లా ఆసుపత్రి బల్ల మీదికి వచ్చినవి తక్కువ. ఎమ్మెస్సీ దాకా వెళ్ళాలనుకునే తెలుగు విద్యార్థికి ఇక్కడ జీవితానికి సరిపడా పని ఉంది.

మన ప్రాంతపు బహుభాషా జీవితం ఈ శాస్త్రానికి ఎంత ఇవ్వగలదో చెప్పడానికి హైదరాబాద్ నిమ్స్‌లో జరిగిన పరిశోధన చాలు. 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో ప్రచురించారు. చదువు రానివారిలో కూడా ఆ తేడా కనబడటం అందులో గమనించవలసిన విషయం. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడిన మనిషికి పక్షవాతంతో మాట పోతే చికిత్స ఏ భాషలో మొదలుపెట్టాలన్నది సికింద్రాబాదు క్లినిక్‌లో ప్రతి వారం ఎదురయ్యే ప్రశ్న.

ఒక తల్లి:

నేను ఈ రంగంలో లేను. మా బాబుకు ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ అయింది, అందువల్ల థెరపీ గదులను బల్లకు ఇవతలి వైపు నుంచి చూసిన దాన్ని. మాటలు ఆలస్యమైతే వస అరగదీసి నాకించిన ఇల్లు మాది. వాడి తాతగారికి కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయని చెప్పి ఏడాదిన్నర గడిపేశారు. ఆపరేషన్ అయిన రోజే బాబు మాట్లాడతాడనుకున్నవారూ మా ఇంట్లో ఉన్నారు. స్విచాన్ అయ్యాక, అంటే ఆ సాధనాన్ని మొదటిసారి పని చేయించాక, వాడికి మొదట శబ్దం అంటే ఏమిటో నేర్పాలనీ, అది నెలల పాటు సాగే పని అనీ మాకు చెప్పింది థెరపిస్టు అమ్మాయే.

మేము ఇద్దరు ముగ్గురు థెరపిస్టుల దగ్గరికి వెళ్ళాము. కొందరు బాబును లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసి, ముప్పావు గంట తర్వాత తిరిగి అప్పగించేవారు. చివరికి దొరికిన అమ్మాయి మాత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పప్పు తిరగమోత వేసేటప్పుడు "చుంయ్" మన్న శబ్దాన్ని వాడికి ఎలా చూపించాలో, స్నానం చేయించేటప్పుడు ఏ మాటలు మళ్ళీ మళ్ళీ అనాలో, నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే వాడు చెవితో వినేలా పక్కన ఎలా కూర్చోవాలో నాకు నేర్పింది. వారానికి రెండు గంటలు ఆమె చేసేదాని కంటే మిగతా రోజులన్నీ నేను చేసేదే ఎక్కువని ఆమెకు తెలుసు. మా అత్తగారితో కూడా ఆమె ఓపికగా మాట్లాడింది. సైగలు ఆపి మాట అనమని ఒప్పించింది. మీ అమ్మాయికి పెద్దవాళ్ళతో మాట్లాడే నేర్పు ఉందో లేదో చూసుకోండి మాస్టారూ. పిల్లలంటే ఇష్టం ఉండటం చాలదు.

డాలస్ నుంచి:

విదేశాల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా. అమెరికాలో బీఏఎస్ఎల్‌పీతో నేరుగా పని చేయడం కుదరదు. స్పీచ్ వైపు మాస్టర్స్ చేసి, 400 గంటల క్లినికల్ పని చూపించి, ప్రాక్సిస్ అనే అర్హత పరీక్ష రాసి, ఆ తర్వాత 36 వారాల ఫెలోషిప్ పూర్తి చేస్తే ఆషా (ఈ వృత్తివారి అమెరికా సంఘం) ధ్రువీకరణ వస్తుంది. రాష్ట్ర లైసెన్సు వేరే తీసుకోవాలి. ఆడియాలజీకి ఏయూడీ అనే డాక్టరేట్ తప్పనిసరి. బ్రిటన్‌లో స్పీచ్ థెరపిస్టులు హెచ్‌సీపీసీ అనే ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థలో నమోదు కావాలి.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది బిడ్డకు మాట ఆలస్యమైతే ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడటం మొదలుపెడతారు. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు. తెలుగు తీసేస్తే నయమూ కాదు. ఆ మాట తెలుగులోనే చెప్పగల మనిషి దొరికితే వారికి నమ్మకం కలుగుతుంది. కాబట్టి మీ అమ్మాయి ఎక్కడికి వెళ్ళినా తెలుగు వృథా కాదు.

ఒంగోలు మాస్టారు:

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు మా అమ్మాయి చేత చదివించాను. "అడ్డపొగ" గురించి చదివి చాలాసేపు ప్రశ్నలు అడిగింది, ఆసక్తి ఉందనే అనుకుంటున్నాను. ప్రవేశ పరీక్షలు రాయించి, సీటు ఎక్కడ వస్తే అక్కడ అని కాకుండా, ముందు రెండు మూడు కళాశాలలు స్వయంగా చూసి రావాలని నిర్ణయించుకున్నాము. భవనాలు, ప్రయోగశాలలు చూపిస్తారు సరే. బయటివాడిని అయిన నేను అక్కడ ఏమి గమనించాలి?

ఉత్తరాంధ్ర ఆడియాలజిస్ట్:

భవనాన్ని వదిలేయండి మాస్టారూ, ఓపీ చూడండి. సోమవారం ఉదయం పది గంటలకు వెళ్ళి వరండాలో ఒక గంట కూర్చుంటే ఆ కళాశాల ఏమిటో తెలిసిపోతుంది. రోగులు వస్తున్నారా, వస్తే అందరూ మాట రాని పిల్లలేనా, లేక పక్షవాతం వచ్చినవారు, గొంతు సమస్యలున్నవారు, వినికిడి తగ్గిన ముసలివారు కూడా ఉన్నారా అన్నది ముఖ్యం. ఒకే రకం రోగులను చూసి బయటికి వచ్చిన విద్యార్థికి మింగడం సమస్య పుస్తకంలోనే మిగిలిపోతుంది. సొంత ఆసుపత్రి లేని కళాశాల అయితే, పెద్ద ఆసుపత్రుల ఈఎన్‌టీ, న్యూరాలజీ విభాగాలకు పిల్లలను నిజంగా పంపుతున్నారా, లేక కాగితం మీదే ఒప్పందం ఉందా అని అడగండి.

సమాధానం కోసం అధ్యాపకులను కాక మూడో ఏడాది విద్యార్థులను పట్టుకోండి. ఏ సెమిస్టరు నుంచి రోగిని వారి చేతికి ఇచ్చారు, బెరా యంత్రం ఈ నెలలో పని చేసిందా, ఆడియోమీటరును ఏటా క్యాలిబ్రేట్ చేయిస్తున్నారా, తెలుగు పరీక్షా సామగ్రి క్లినిక్‌లో ఉందా, వారు రాసిన థెరపీ ప్రణాళికను ఎవరైనా చదివి దిద్దుతున్నారా అని అడిగితే దాపరికం లేకుండా చెబుతారు. బెరా యంత్రం మీద గుడ్డ కప్పి ఉంటే కారణం అడగండి.

కాగితాల విషయంలో ఒక్కటే చూడండి. ఆర్‌సీఐ ఒక కళాశాలకు ఇచ్చే అనుమతి శాశ్వతం కాదు, కొన్ని విద్యాసంవత్సరాలకే ఉంటుంది. గోడ మీద పటం కట్టిన పాత ఉత్తర్వును చూసి సంతృప్తి పడవద్దు. మీ అమ్మాయి చేరే సంవత్సరానికి ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు ఆర్‌సీఐ వెబ్‌సైటులోని జాబితాలో ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూసి, ఆ పేజీని అచ్చు తీసి దగ్గర పెట్టుకొని, ఆ తర్వాతే ఫీజు కట్టండి. అనుమతి లేని బ్యాచ్‌లో చదివితే డిగ్రీ చేతికి వచ్చినా రిజిస్టరులో పేరు ఎక్కదు.